నిద్రలేమి, జాగారం
చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ దగ్గర, అశోక్‌నగర్ టీ కొట్ల ముందు గ్రూప్స్ అభ్యర్థుల నోట ‘ఇన్‌సోమ్నియా’ తరచు వింటున్నాను. తెల్లవార్లూ చదివినవాళ్లూ తమకు అదే ఉందంటారు. వాళ్లది జాగారం. పడుకునే వీలుండీ నిద్ర పట్టకపోతేనే నిద్రలేమి. వారానికి కనీసం 3 రాత్రుల చొప్పున 3 నెలలు సాగితే వైద్యులు దాన్ని దీర్ఘకాలిక సమస్యగా చూస్తారు. ఇన్‌సోమ్నియాలోని లాటిన్ ‘సోమ్నుస్’, సంస్కృత ‘స్వప్నం’ ఒకే మూలానివి. సంస్కృతంలో స్వప్నమంటే నిద్ర కూడా. తెలుగులో కల ఒక్కటే మిగిలింది. కనుక చరకసంహిత వాత రోగాల్లో చేర్చిన ‘అస్వప్నం’ ఇన్‌సోమ్నియాకు తోబుట్టువే. అమరకోశంలోనైతే ‘అస్వప్నులు’ దేవతలు! మనుషులకు ఆ వరం లేదు. పగలు చదివింది మెదడులో కుదురుకునేది చాలావరకు నిద్రలోనే. ఆ నిద్రే ఏళ్ల తరబడి కరవైతే రక్తపోటు, కుంగుబాటు ముప్పు పెరుగుతుంది. ‘కలిమిలేముల’లోని లేమే ‘నిద్రలేమి’లోనూ ఉంది, ఎంత సరైన మాట! ‘జాగ్రత్త’, ‘జాగారం’ రెండూ మేలుకొనడమనే అర్థమిచ్చే ధాతువు నుంచి పుట్టినవే. అయినా ఊరి నుంచి ఫోన్ చేసి “జాగ్రత్త నాన్నా” అనే అమ్మ, వేళకు పడుకోమనే చెబుతోంది. అసలు నిద్రలేమికి మొదటి చికిత్స మాత్ర కాదు. పడక అలవాట్లనూ ఆలోచనలనూ సరిదిద్దే సీబీటీ పద్ధతి. రాత్రి టీ సంగతీ చూసుకోవాలి: ఒంట్లో చేరిన కెఫీన్ సగానికి తగ్గడానికే సుమారు 5 గంటలు పడుతుంది.