గడప తీసేసిన సింహద్వారం

పాత తలుపులకు ఇప్పుడు గిరాకీ పెరిగింది. గోదావరి జిల్లాల్లో మండువా లోగిలి కూల్చినప్పుడు దాని సింహద్వారం విడిగా అమ్ముడుపోతోంది. తమిళనాట చెట్టినాడు మేడల తలుపులు అమ్మడానికి కారైకుడిలో ప్రత్యేకంగా దుకాణాలే ఉన్నాయి. కొన్నవాళ్లు ఆ తలుపును మరో పాత ఇంటికి బిగించి, ఇంటికి పూర్వపు కళ వచ్చిందని సంతోషపడతారు. అమ్మేవాడు చెప్పేవి మూడే సంగతులు: బర్మా టేకు, చేతి చెక్కడం, నూరేళ్ల వయసు. ఈ మూడింట్లో మనుషులెక్కడ? చెక్క మోసినవాళ్లూ, ఆ తలుపు బయటే ఆగిపోయినవాళ్లూ ఈ లెక్కలోకి ఎందుకు రారు? వాళ్లను లెక్కలోకి తేవాలన్నదే మా ప్రయత్నం.

ముందు చెక్క సంగతి చూద్దాం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. నీరు పారిన భూములు ఎవరి చేతుల్లో ఉన్నాయో వాళ్ల ఇళ్లే క్రమంగా లోగిళ్లయ్యాయి. మాల మాదిగలు అవే పొలాల్లో పాలేళ్లుగా, కూలీలుగా మిగిలారు. అదే కాలంలో బర్మా అడవులు తెల్లవాళ్ల చేతికి పోతున్నాయి. 1863లో పుట్టిన బాంబే బర్మా ట్రేడింగ్ కార్పొరేషన్‌కు బర్మా దర్బారు జరిమానా వేసింది. ఆ తగాదాను సాకు చేసుకుని బ్రిటిష్‌వాళ్లు 1885లో యుద్ధానికి దిగారు. 1886 జనవరి 1న ఎగువ బర్మాను కలిపేసుకున్నారు. పచ్చి టేకు నీళ్లలో తేలదు. అందుకని చెట్టు మొదట్లో చుట్టూ గాడి కోసి, రెండు మూడేళ్లు నిలువునా ఎండనిచ్చి, ఆ తర్వాత నరికేవాళ్లు. దుంగలను ఏనుగులు వాగుల దాకా లాగేవి. అక్కడ తెప్పలు కట్టి ఐరావతి నది మీద రంగూన్‌కి తెచ్చేవాళ్లు.

రంగూన్ రేవులో మనవాళ్లున్నారు. టేకు ఇటు వచ్చింది, మనుషులు అటు పోయారు. కాకినాడ, విశాఖపట్నం వంటి రేవుల నుంచి, మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సుకు కట్టుబడి ఓడలెక్కారు. ఓడల్లో సరుకు మోశారు, బియ్యం మిల్లుల్లో, రంపపు మిల్లుల్లో పనిచేశారు. కోరంగి రేవు పేరు మీద అక్కడివాళ్లు తెలుగువాళ్లను ‘కోరంగీలు’ అన్నారు. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్‌లో సగం మందికి పైగా భారతీయులే. ఇట్లా పోయినవాళ్లలో అంటరాని కులాలవాళ్లు, ఇతర కింది కులాలవాళ్లు పెద్ద సంఖ్యలో ఉన్నారని అడపా సత్యనారాయణ గారి పరిశోధన వల్ల మనకు తెలుస్తుంది. 1930 మేలో రేవు కూలీలైన తెలుగువాళ్లు కూలి పెంచమని సమ్మె కట్టారు. కంపెనీలు వాళ్ల బదులు బర్మా కూలీలను దింపాయి, సమ్మె తీరగానే వాళ్లను పొమ్మన్నాయి. మే 26న చెలరేగిన దాడుల్లో వందమందికి పైగా చచ్చిపోయారు. వాళ్లలో ఎక్కువమంది భారతీయ కూలీలే. 1942లో జపాన్ సైన్యం వచ్చినప్పుడు లక్షలమంది అడవుల్లో, కొండల్లో నడిచి తిరుగుముఖం పట్టారు. ఎందరో దారిలోనే రాలిపోయారు. బర్మా టేకు అన్నప్పుడు ఈ కథంతా గుర్తుకు రావద్దా?

ఇక టేకు ఊళ్లోకి వచ్చాక. వడ్రంగి చెక్కిన ద్వారబంధాన్ని ముహూర్తం చూసి నిలబెట్టేవాళ్లు. గడపకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టేవాళ్లు. కామందు సాటివాళ్లు అరుగు మీద కూర్చుని, గడప దాటి మండువాలోకి పోయేవాళ్లు. పాలేరుకు దారి వేరు. అతను దొడ్డి గుమ్మం నుంచి పశువుల పాక దాకా వచ్చేవాడు. కూలి గింజలు అక్కడే, ఎడంగా నిలబడి పైగుడ్డ పడితే పోసేవాళ్లు. సింహద్వారం సొమ్ము ఆ మనిషి పండించిన వడ్లలోదే. ఆ మనిషి గుడిసెకు మాత్రం తాటాకు తడికే తలుపు.

తలుపు ఎంత పెద్ద రాజకీయమో నాసిక్‌లో తేలింది. 1930 మార్చి 2న అంబేద్కర్ నాయకత్వంలో వేలాదిమంది కాలారామ్ గుడికి పోతే తలుపులు మూసేశారు. రంగూన్ కూలీల సమ్మె ఆ ఏడాదిదే. తర్వాత రాజ్యాంగం 17వ అధికరణంలో అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955 చట్టం గుడి, బావి, హోటలు, దుకాణం వంటి అందరూ వాడే చోట్ల పేర్లు చెప్పింది. సొంత ఇంటి సింహద్వారం ఆ జాబితాలో లేదు. అక్కడ ఏం జరిగిందో చెప్పడానికి మనుషుల జ్ఞాపకమే దిక్కు.

ఇప్పుడు బిగింపు పని చూడండి. పాత ద్వారబంధానికి నాలుగు వైపులా చెక్క ఉంటుంది. తలుపు రెక్కలకు మడతబందులుండవు. పైనా కిందా చెక్క మొనలే గుంటల్లో తిరుగుతాయి. కింది గుంట ఉండేది గడప దగ్గరే. నేలకు ఆనుకుని ఉంటుంది గనక తేమకూ చెదకూ ముందు పోయేది గడపే. పైగా ఎత్తుగా ఉండి కాలికి తగులుతుందంటారు. అందుకని చాలాచోట్ల దాన్ని కోసేసి, కింద రాయి పరిచి, మొనలు తీసి, రెక్కలకు కొత్త బందులు వేస్తారు. మిగిలిన మూడు చెక్కలకూ నూనె పట్టించి వారసత్వం అంటారు. వడ్రంగి దృష్టిలో ఇది సబబైన మరమ్మతే. చరిత్ర దృష్టిలో పోయింది అసలు ముక్క. చెక్కడం చూస్తే ఇంటాయన కలిమి తెలుస్తుంది. ఎవరు దాటారు, ఎవరు దాటలేదు అన్న ప్రశ్న మాత్రం గడప దగ్గరే పుడుతుంది.

ఈ పని ప్రభుత్వ పురావస్తు శాఖ కోసం ఆగనక్కర్లేదు. మీ ఊళ్లో లోగిలి కూల్చబోతున్నారని తెలిస్తే విద్యార్థులు, టీచర్లు, సంఘం కార్యకర్తలు ముందుగా వెళ్లాలి. గడపతో సహా తలుపు ఫొటో తీయండి. ఇంటి పటం గీసి పాలేరు నడిచిన దారి, గింజలు కొలిచిన చోటు గుర్తుపెట్టండి. ఆ తర్వాత మాలపల్లెకూ మాదిగవాడకూ పోయి, ఆ ఇంట్లో పనిచేసినవాళ్ల పేర్లు, రంగూన్ పోయి రానివాళ్ల పేర్లు పెద్దల్ని అడిగి రాసుకోండి. ఆ తలుపు కొన్నవాళ్లకు ఆ కాగితం నకలు ఒకటి ఇవ్వండి. ఈ సంగతులు చూసినవాళ్లు ఇప్పుడు ఎనభై దాటారు. లోగిలి ఎంత తొందరగా కూలుతోందో వాళ్లూ అంత తొందరగా వెళ్లిపోతున్నారు.