ఉప్పు తిన్న విశ్వాసము



ఉప్పు తిన్న యింటికి ద్రోహము తలపెట్టరాదని మన పెద్దలు చెప్పిరి. ఈ మాట ధర్మమే. కాని మన కడప మండల చరిత్రమును పరికించినచో, ఈ ధర్మమునే కొందరు పగ్గముగా పేని జనులను కట్టివేసిన సందర్భములు పెక్కులు కానవచ్చును. అన్నము పెట్టినవాడు ఆజ్ఞాపించును. తిన్నవాడు తల యొగ్గును. ఈ కట్టు ఎంతకాలము సాగినది, ఎచ్చట సడలినది, మరల ఎట్లు బిగియుచున్నది అను విషయమును ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల అను మూడు పట్టణములను దృష్టిలో నుంచుకొని విన్నవించెదను.

ముందుగా నేల సంగతి చెప్పవలెను. ప్రొద్దుటూరును జమ్మలమడుగును పెన్నానది యొడ్డున వెలసిన పట్టణములు. చుట్టును నల్లరేగడి, అందు జొన్నయు పత్తియు పండును. పులివెందుల మెట్టసీమ; అచ్చట వేరుసెనగయు, ఇటీవలి కాలమున చీనీతోటలును అరటితోటలును జీవనాధారములు. కర్నూలు కడప కాలువను మద్రాసు నీటిపారుదల కంపెనీవారు త్రవ్వించిరి. 1882లో ప్రభుత్వమువారు దానిని కొనిరి. ఆ నీరు పారినంత మేర ప్రొద్దుటూరు ప్రక్కను వరి పండెను. తక్కిన యూళ్లలో వరియన్నము పండుగనాటి వంటకమే. దినదినమును జొన్నరొట్టె, రాగిసంగటి, కొర్రన్నము. వానితో పుంటికూర పప్పు, సెనక్కాయల ఊరుబిండి. పల్నాటి జొన్నకూటిని శ్రీనాథుడు పరిహసించినట్లు చాటుపద్యములు చెప్పుచున్నవి. ఆ పరిహాసము మన సీమకును తగులునదే. అయినను మనవారు నొచ్చుకొనలేదు. జొన్నరొట్టె తిని మడక కట్టిరి.

వానలు తప్పినప్పుడు ఆ జొన్నయు కరవయ్యెడిది. 1876 మొదలు 1878 వరకు మద్రాసు రాజధానిని పీడించిన ధాతుకరవు పేరు మీరందరును వినియుందురు. 1877 జనవరిలో సర్ రిచర్డ్ టెంపుల్ అను దొర, కరవుపనులు చేయు మగవానికి దినమునకు ఒక పౌను, అనగా సుమారు 450 గ్రాముల ధాన్యమును, దానిపై కొంచెము చిల్లరయు చాలునని నిర్ణయించెను. మద్రాసు ప్రభుత్వమున ఆరోగ్యాధికారిగా నున్న కార్నిష్ అను వైద్యుడు, బరువుపని చేయువానికి ఆ కూడు చాలదని వాదించెను. కొన్ని మాసములకు ప్రభుత్వము వెనుకకు తగ్గి కూలిని పెంచెను. ఒక మనుష్యుని విస్తరిలో ఎంత యన్నము ఉండవలెనను ప్రశ్న రాజ్యతంత్ర ప్రశ్న యగుట మన ముత్తాతల కాలముననే సంభవించినది.

కరవు లేని కాలమున సైతము, ధాన్యము ఎవని గాదెలో నుండునో అధికారము వానిదే. జమ్మలమడుగునకు సమీపమున నున్న గండికోటను చూచినవారు అందలి పెద్ద ధాన్యాగారమును చూచియే యుందురు. కోటగోడల బలమెంతయో, లోని ధాన్యము ఎన్నాళ్లు వచ్చునను లెక్కయు రాజునకు అంత ముఖ్యము. 1800వ సంవత్సరమున నిజాము ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చివేసెను; అందుచేత దీనికి దత్తమండలమని పేరు వచ్చినది. ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు ఇచ్చట నుండెను. అతడు వచ్చునాటికి దత్తమండలమున 80 మంది పాళెగాండ్రుండిరి. పాళెగాని బలమంతయు అతని బంట్లే. వారికి మాన్యపు నేలలుండెడివి; ఆ నేల తిన్నందులకు వారు పిలిచినప్పుడు ఆయుధముతో రావలెను. కట్టుబడి యను పేరే వారి స్థితిని తెలుపుచున్నది.

కంపెనీవారు ఆ మాన్యములను తీసివేయ మొదలిడగా, 1846లో కోయిలకుంట్ల ప్రాంతమున ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగబడెను. అతని వెంట నడచినవారిలో కట్టుబడులు పెక్కుమంది. 1847 ఫిబ్రవరి 22వ తేదీన అతనిని కోయిలకుంట్లలో ఉరితీసిరి. నమ్మిన నాయకుని వెంట ప్రాణములకు తెగించి నడచిన ఆ బంట్ల విశ్వాసమును నేను తక్కువ చేయను. అది వీరధర్మము.

పాళెగాండ్రు పోయిరి గాని పద్ధతి పోలేదు. తరువాతి కాలమున ఊరి మోతుబరి వాకిట పొయ్యి ఆరకుండెను. అచ్చట తిన్నవాడు ఆ పక్షమువాడు. ఒక యూరిలో రెండు పక్షములుండినచో, ఒక పక్షమువారి పెండ్లివిందునకు రెండవ పక్షమువాడు పోడు. పోయినవానిని తనవారే అనుమానింతురు. మన సీమ కక్షలను గూర్చి చెప్పువారందరును కత్తులను, నాటుబాంబులను గూర్చియే చెప్పుదురు. ఆ కత్తి పట్టిన చేయి అంతకుముందు ఎవరి వాకిట అన్నము కలుపుకొన్నదో విచారించినగాని ఆ కథ పూర్తి కాదు.

ఈ కట్టు సడలుటకు తోడ్పడినది పూటకూటి యిల్లు. ఇది మనకు తెల్లదొరలు నేర్పిన విద్య కాదు. క్రీడాభిరామమున ఓరుగంటి పూటకూటి యింట ఒక రూకకు లభించు భోజనము వర్ణింపబడియున్నది. ఇంగ్లీషు పాలనలో ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మూడును తాలూకా కేంద్రములయ్యెను. రైతు జమాబందికి, వ్యాజ్యమునకు, పత్తి యమ్మకమునకు పట్టణమునకు రావలసివచ్చెను. వచ్చినవాడు బంధువుల యింట దిగవలెను, లేదా తన యూరి పెద్దకు తెలిసిన వర్తకుని యరుగుమీద పడుకొనవలెను. ఆ వర్తకుడు పెట్టిన అన్నమునకు బదులుగా పత్తి ధర తగ్గించుకొనవలసివచ్చిన రైతులు ఎందరో! పూటకూటి యింట పైకము చెల్లించి లేచిన రైతు ఎవరికిని ఋణపడలేదు. అన్నము వడ్డించిన యామె "నాయనా, నీవు ఏ పక్షమువాడవు?" అని అడుగలేదు. తన డబ్బుతో తాను తిని, తన మాట తాను మాటలాడుట అను స్వాతంత్ర్యము మన పల్లెవానికి తొలిసారి అచ్చట లభించినదని నా నమ్మకము.

ఆ పూటకూటి యింటికి తమ్ముడు కాఫీ హోటలు. నేడు ప్రొద్దుటూరిలో ఉదయమున ఎర్రకారము పూసిన దోసెలు పోయు హోటలునకు పోయి చూడుడు. పసిడి యంగడి గుమాస్తా, పత్తి దలారి, బస్సు డ్రైవరు, వకీలు, పల్లెనుండి వచ్చిన రైతు ఒకే బల్లకు చేరుదురు. పత్రిక ఒకటే, అభిప్రాయములు అయిదు. ఒకడు ముఖ్యమంత్రిని పొగడును, ఒకడు తిట్టును. దోసె ముగియగనే ఎవరి డబ్బు వారిచ్చి పోవుదురు. ఎన్నికల దినములలో ఒక విశేషమును గమనించితిని. ఏదో యొక పక్షపు మనుష్యుడు వచ్చి "అందరి లెక్కయు నేనిచ్చినాను" అనగానే ఆ బల్లయొద్ద మాట తగ్గిపోవును. అంతవరకు రోడ్డు గుంటలను గూర్చి తిట్టినవాడు వానలను గూర్చి ప్రారంభించును. దోసె వెల యెంత? కాని దానితో నోరు కొనబడినది.

పూటకూటి యిల్లు ఋణభారమును తీసినదే గాని కులభేదమును తీయలేదు. మద్రాసు రాజధానిలోని హోటళ్లలో బ్రాహ్మణులకు వేరు పంక్తియు, ఇతరులకు వేరు పంక్తియు ఉండెడివి. అంటరానివారని త్రోసివేయబడినవారికి గడప దాటుటయే లేదు. సంప్రదాయ విద్య నేర్చిన నాకు పంక్తిబాహ్యుడను మాటకు అర్థము చిన్ననాడే చెప్పిరి. ఆ మాట తగిలినవాని బాధను మాత్రము ఏ గ్రంథమును చెప్పలేదు. పోతులూరి వీరబ్రహ్మముగారు మన జిల్లాలోనే మఠము స్థాపించి, దూదేకుల సిద్దయ్యను శిష్యునిగా చేర్చుకొనినట్లు మనమందరము ఎరిగినదే. ఆ గురువు పేర ఆరాధనలు చేసిన యూళ్లలోనే పంక్తిభేదము నిలిచియుండుట వింత.

1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగములో 15వ అధికరణము రెండవ ఖండమును చదివినవారు ఒక సంగతి గమనింతురు. అంగళ్లలోను, భోజనశాలలలోను, హోటళ్లలోను మతము, జాతి, కులము, లింగము, జన్మస్థానము అను కారణములచే ఏ పౌరుని ప్రవేశమును అడ్డగింపరాదని అందు వ్రాసిరి. ఒక మహాదేశపు మూలశాసనములో భోజనశాల పేరెత్తవలసివచ్చినదనగా ఆ గాయమెంత లోతైనదో ఊహింపుడు. 17వ అధికరణము అస్పృశ్యతను రద్దు చేసినది. 1955లో చేసిన శాసనము మరి యొక యడుగు ముందునకు పోయి, హోటలులోని పాత్రలను వాడుకొనుటకు అడ్డుపడుటయు నేరమే యని చెప్పినది. అట్లు చెప్పుటకు కారణమున్నది. శాసనము వచ్చిన పెక్కేండ్ల తరువాత కూడ పల్లెల టీ అంగళ్లలో రెండు విధముల గ్లాసులు వ్రేలాడుట నా బాల్యమున చూచినాను. నేడు ఆ దృశ్యము మన పట్టణములలో లేదు. బడులలో 2003 నుండి వండిపెట్టుచున్న మధ్యాహ్నభోజనము ఇందులకు మిక్కిలి తోడ్పడినది. అన్ని కులముల పిల్లలును ఒకే వరుసలో కూర్చుండి తినుటను నేను ఉపాధ్యాయుడనై యున్న దినములలో ప్రతిదినము చూచినాను. తొలిదినములలో కొందరు తల్లిదండ్రులు వంట చేయునామె కులము అడిగిరి. పిల్లలు మాత్రము చారు ఇంకొంచెము అడిగిరి.

ఇక ఎన్నికల సంగతి. ఓటరునకు తిండిపెట్టి ఓటు రాబట్టుట మన సీమ కనిపెట్టిన విద్య కాదు. ఇంగ్లండులో 18వ శతాబ్దమున ఇది బహిరంగముగానే జరిగెడిది. విలియం హోగార్తు అను చిత్రకారుడు 1755 ప్రాంతమున చిత్రించిన ఒక పటములో, అభ్యర్థులు పెట్టిన విందులో ఓటర్లు తిని త్రాగి ఒడలెరుగక యుండుటను చూపించెను. 1883లో ఆ దేశమువారు ఇట్టి దురాచారములపై కఠినమైన శాసనము చేసిరి. మన దేశమున 1920లో, అనగా క్రొత్త శాసనసభల ఎన్నికలు జరిగిన సంవత్సరముననే, శిక్షాస్మృతిలో ఎన్నికల నేరముల అధ్యాయమును చేర్చిరి. తిండి, పానీయము, వినోదము సమకూర్చి ఓటు కోరుట లంచమే యని అందు స్పష్టముగా నున్నది. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహితయు ఆ మాటను నిలుపుకొన్నది. అయితే తక్కిన లంచములకు ఒక సంవత్సరము వరకు చెరసాల విధింపవచ్చును. విందు రూపమైన లంచమునకు జరిమానా మాత్రమే.

శాసనకర్తలు విందును చిన్న తప్పుగా ఎంచిరి. నా యభిప్రాయము వేరు. రూపాయి చేతులు మారిన పిమ్మట దానికి పేరుండదు. రెండు పక్షములవారి సొమ్మును తీసికొని మూడవవానికి ఓటు వేసినవారును కలరు. అన్నము అట్టిది కాదు. మనవాని మనస్సులో అన్నమునకు విశ్వాసము ముడివడియున్నది. 1920లో ఓటు పన్ను కట్టు కొందరికే యుండెను. 1951, 52లలో జరిగిన మొదటి సాధారణ ఎన్నికలలో వయస్సు వచ్చిన ప్రతివానికిని, ప్రతి స్త్రీకిని లభించెను. అంతటి హక్కును ఒక బిర్యానీ పొట్లమునకు కట్టుబడి చేయుట, మన్రో వచ్చునాటి స్థితికి మనంతట మనము మరలిపోవుటయే.

అయిన ప్రభుత్వ మిచ్చు బియ్యము మాట యేమని మీరడుగవచ్చును. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వము కిలో 2 రూపాయల బియ్యము పథకమును ప్రారంభించెను. పులివెందుల నుండి 1978లో శాసనసభకు తొలిసారి ఎన్నికై 2004లో ముఖ్యమంత్రియైన వై.యస్. రాజశేఖరరెడ్డి 2008లో ఆ ధరను మరల తెచ్చెను. 2018లో చంద్రబాబునాయుడు ప్రభుత్వము 5 రూపాయల భోజనముతో అన్న క్యాంటీనులను తెరచెను. 2019లో అవి మూతపడెను. 2024లో మరల తెరువబడెను. ఈ బియ్యము వలన ఆకలి తగ్గినది. పండుగనాటి వరియన్నము దినదిన భోజనమైనది. కూలివాడు తినుచుండిన రాగిసంగటి నాటుకోడి పులుసుతో కలిసి పట్టణపు హోటలులో విశేషమైన వంటకమై కూర్చున్నది!

ఈ బియ్యము ఏ నాయకుని గాదెలోనిదియు కాదు. అది మన పన్నుల సొమ్ము. 2013లో పార్లమెంటు చేసిన ఆహారభద్రతా శాసనము దానిని హక్కుగా చేసినది. ఏ పక్షము అధికారమున నున్నను, సంచిపై ఎవరి బొమ్మ యున్నను, ఆ బియ్యమునకు ఉప్పు తిన్న విశ్వాసము వర్తింపదు. తూకము సరిగా నున్నదా, నూకలు తక్కువగా నున్నవా యని అడుగుటయే మన విధి. మన గాదెను మనమే కావలికి ఇచ్చి, కావలివానికి దండములు పెట్టుట తగునా?

పెద్దలారా! ఎన్నికల విందులో తొలి విస్తరి మీకే వేయుదురు. మీరు కూర్చున్నచో ఊరు కూర్చుండును. మీరు లేచినచో పడుచువారికి లేచుటకు ధైర్యము కలుగును. కావున నా మనవి ఒక్కటే. పెండ్లికిని పండుగకును రెండు పక్షములవారి యిండ్లకును పోయి భోజనము చేయుడు. అందువలన కక్షలు చల్లారును. ఎన్నికకు మాత్రము ఎవరి వాకిటను చేయి కడుగకుడు. ఆ దినమున ఇంట జొన్నరొట్టె తిని పోయి ఓటు వేయుడు.