కప్పులో ఒదిగే దీపాలు.. పైన దాగే ప్రమాదాలు

ఖమ్మం: ఒకప్పుడు అపార్ట్‌మెంట్లు, దుకాణాలకే పరిమితమైన ఫాల్స్ సీలింగ్ నేడు డాబా ఇళ్లతోపాటు రేకుల ఇళ్లకూ చేరింది. దానితోపాటే కప్పులో ఒదిగి వెలుగునిచ్చే డౌన్‌లైట్ల వాడకమూ పెరిగింది. ఈ దీపాల వైర్లు, అతుకులు, డ్రైవర్లు అన్నీ సీలింగ్ పైభాగాన కంటికి కనిపించకుండా ఉంటాయి. అక్కడ లోపం తలెత్తితే పొగ కిందికి దిగేదాకా ఇంటివారికి తెలియదు. అందువల్ల సాధారణ బల్బు బిగింపుకన్నా వీటి వైరింగ్‌లో ఎక్కువ జాగ్రత్త వహించవలసి ఉంటుంది.

థర్మోకోల్ కప్పుతో ముప్పు

ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలు తీవ్రమైన ఎండలకు పేరుపడ్డాయి. వేడి తగ్గుతుందన్న ఉద్దేశంతో రేకుల కింద థర్మోకోల్ పలకలు అమర్చుకోవడం పరిపాటి. థర్మోకోల్ సుమారు 100 డిగ్రీల సెల్సియస్ వద్దనే మెత్తబడుతుంది. నిప్పంటుకుంటే మండుతూ చుక్కలుగా కిందపడి, దట్టమైన నల్లని పొగను వెలువరిస్తుంది. పాతకాలపు హాలోజన్ దీపం గాజు వేడి అంతకు రెట్టింపును మించుతుంది. ఎల్‌ఈడీ దీపం అంత వేడెక్కకపోయినా, వదులైన అతుకు వద్ద పుట్టే నిప్పురవ్వ ఒక్కటి చాలు.

థర్మోకోల్, తాటాకు, వెదురు తడక, గుడ్డ కప్పులకు రంధ్రాలు చేసి దీపాలు అమర్చరాదు. అటువంటి ఇళ్లకు గోడ దీపాలే శ్రేయస్కరం. జిప్సం బోర్డు ఇందుకు భిన్నమైనది. జిప్సం బరువులో సుమారు 20 శాతం నీరు స్ఫటిక రూపంలో ఇమిడి ఉంటుంది. వేడి తగిలినప్పుడు ఆ నీరు ఆవిరవుతూ మంట వ్యాప్తిని కొంతసేపు నిలువరిస్తుంది.

లోడు స్వల్పం.. అతుకులే కీలకం

12 వాట్ల ఎల్‌ఈడీ దీపాలు 8 పెట్టినా మొత్తం 96 వాట్లే. 230 వోల్టుల వద్ద అర ఆంపియరు కరెంటు కూడా పట్టదు. అయినా ప్రమాదాలు జరగడానికి కారణం లోడు కాదు, అతుకులు. రెండు వైర్లను చేత్తో మెలిపెట్టి టేపు చుడితే, కొంతకాలానికి వేడికి టేపు జిగురు కరిగి ఊడిపోతుంది. వదులైన చోట వేడి పుడుతుంది. ప్రతి అతుకునూ స్క్రూ కనెక్టరుతో బిగించి, మూత ఉన్న జంక్షన్ బాక్సులో ఉంచాలి. దీపాన్ని కిందికి లాగితే ఆ బాక్సు చేతికి అందేలా ఉండాలి.

లైటింగ్ సర్క్యూట్‌కు ఐఎస్ఐ ముద్ర కలిగిన 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 6 ఆంపియర్ల ఎంసీబీ వాడాలి. ఒక సర్క్యూట్‌పై 10 పాయింట్లు, 800 వాట్లకు మించకుండా చూసుకోవాలన్నది ఏళ్లుగా పాటిస్తున్న నియమం. ఎంసీబీ తీగను కాపాడుతుందే తప్ప షాక్ తగిలిన మనిషిని కాపాడదు. అందుకు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరి. దానిపై ఉండే టెస్ట్ మీటను నెలకోసారి నొక్కి, పనిచేస్తున్నదీ లేనిదీ తెలుసుకోవాలి.

ఇన్వర్టరును మరవరాదు

పని మొదలుపెట్టే ముందు మెయిన్ స్విచ్ ఆపితే చాలదు. ఇన్వర్టరు ఉన్న ఇళ్లలో మెయిన్ ఆపిన మరుక్షణమే లైట్ల తీగల్లోకి బ్యాటరీ నుంచి 230 వోల్టుల కరెంటు ప్రవహిస్తుంది. ఇన్వర్టరును కూడా ఆపి, దాని అవుట్‌పుట్ తీగను వేరుచేయాలి. ఆ తరువాతనే మల్టీమీటరుతో కరెంటు లేదని నిర్ధారించుకోవాలి. స్క్రూడ్రైవర్ టెస్టరు వెలగనంత మాత్రాన తీగ నిర్జీవమని నమ్మరాదు.

ఎరుపు ఫేజుకు, నలుపు న్యూట్రల్‌కు, ఆకుపచ్చ ఎర్తుకు వాడాలి. స్విచ్ గుండా ఫేజు తీగనే పంపాలి. న్యూట్రల్‌ను పంపితే స్విచ్ ఆపినా దీపంలో కరెంటు నిలిచే ఉంటుంది. ఆపిన ఎల్‌ఈడీ రాత్రివేళ మసకగా వెలుగుతుంటే ఈ పొరపాటు జరిగిందేమో పరీక్షించాలి. లోహపు చట్రం గల దీపానికి ఎర్తు తీగ తప్పక కలపాలి. ఒక చతురస్రంలో మరో చతురస్రం గుర్తు ఉన్న దీపాలకు మాత్రమే ఎర్తు అక్కర్లేదు. డ్రైవరును దీపం వీపున ఆనించకుండా పక్కన ఉంచి, చుట్టూ గాలి ఆడేలా చూడాలి.

తీగలను సీలింగ్‌పై విడిగా పరచరాదు. అడవి అంచు గ్రామాల్లో ఎలుకలు, ఉడుతలు కప్పులో చేరి తీగలు కొరకడం సర్వసాధారణం. గట్టి పీవీసీ పైపుల్లోంచి తీగలు లాగి, కొసలు మూసివేయాలి.

వరద తగ్గాక..

2022 జులైలో భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరింది. 2024 సెప్టెంబరు 1న మున్నేరు ఉప్పొంగి ఖమ్మంలోని లోతట్టు కాలనీలను ముంచెత్తింది. ఇటువంటి వరదల్లో స్విచ్‌బోర్డులు మునిగిన ఇళ్లలో, కప్పు దీపాలు తడవకపోయినా పైపుల్లో తేమ నిలిచి ఉంటుంది. మునిగిన స్విచ్‌లు, ఎంసీబీలను మార్చి, 500 వోల్టుల మెగ్గరుతో తీగల ఇన్సులేషన్ పరీక్షించాలి. అది 1 మెగా ఓముకన్నా తక్కువగా ఉంటే కరెంటు ఇవ్వరాదు. పైకప్పు ఉరిసి సీలింగ్‌పై తడి మరక కనిపించినా ఆ సర్క్యూట్‌ను వెంటనే ఆపివేయాలి.

ఎవరితో చేయించాలి?

కొత్త వైరింగ్‌ను ప్రభుత్వ లైసెన్సు కలిగిన ఎలక్ట్రికల్ కాంట్రాక్టరుతో చేయించాలి. సీలింగ్ మూయకముందే తీగలు వెళ్లిన దారిని ఫొటోలు తీసి భద్రపరిస్తే తరువాతి మరమ్మతులకు ఉపకరిస్తాయి. కాలిన వాసన, దీపాలు మిణుకుమనడం, ఆర్‌సీసీబీ తరచూ పడిపోవడం ప్రమాద సంకేతాలు. పడిపోయిన మీటను మళ్లీ మళ్లీ ఎత్తకుండా కారణం వెతకాలి. సీలింగ్ నుంచి పొగ వస్తే నీళ్లు చల్లరాదు. మెయిన్ అందుబాటులో ఉంటే ఆపి, ఇంట్లోవారంతా బయటకు వచ్చి 101కు ఫోన్ చేయాలి. కరెంటు సరఫరా సమస్యలకు విద్యుత్ సంస్థ 1912 నంబరులో సంప్రదించవచ్చు.