ఐదు రూపాయల సంతకం

1933 నవంబరులో వార్ధా నుంచి గాంధీ హరిజన యాత్ర మొదలైంది. దాదాపు తొమ్మిది నెలలపాటు దేశమంతా తిరిగిన ఆ యాత్ర డిసెంబరులో ఆంధ్ర జిల్లాలకూ చేరింది. సభల్లో స్త్రీలు ఒంటిమీది నగలు ఒలిచి ఇచ్చారు. వచ్చిన కానుకలను అక్కడికక్కడే వేలం వేశారు. ఆటోగ్రాఫ్ పుస్తకాలతో చుట్టుముట్టిన వారికి గాంధీ ఒక ధర చెప్పేవారు: సంతకానికి ఐదు రూపాయలు, అదీ హరిజన నిధికి. ఆనాటి కూలీకి అది ఎన్నో రోజుల కష్టార్జితం.

తనను తాను బనియానని చెప్పుకున్న ఆయనకు సంతకం మీద మోజు ఎంత బలమైనదో తెలుసు. ఆ మోజును ఆయన నిరసించలేదు, దాని మీద పన్ను వేశారు. తెలుగుతో సహా పలు లిపుల్లో సంతకం చేయడం నేర్చుకున్నారు. సేకరించే వ్యక్తికి ఒక జ్ఞాపకం మిగిలింది, అంటరానితనం మీద పోరుకు ఐదు రూపాయలు చేరాయి.

టాగూర్ దారి వేరు. చైనా, జపాన్ యాత్రల్లో అడిగినవారికి విసనకర్రల మీద, పట్టుగుడ్డల మీద ఆయన రాసిచ్చిన చిట్టి కవితలే ‘లేఖన్’ సంపుటికి మూలమయ్యాయి. ఆ పుస్తకం కవి చేతిరాతలోనే అచ్చయింది.

స్వతంత్ర భారతంలో అత్యంత విలువైన సంతకాలు ఎవరి ఆటోగ్రాఫ్ పుస్తకంలోనూ లేవు. 1950 జనవరి 24న రాజ్యాంగ సభ సభ్యులు 284 మంది రాజ్యాంగ ప్రతుల మీద సంతకాలు చేశారు. నెహ్రూ ముందుగా సంతకం చేయడంతో, సభాధ్యక్షుడు రాజేంద్రప్రసాద్ తన పేరును పైన మిగిలిన ఇరుకు జాగాలో ఏటవాలుగా ఇమిడ్చారు. ఆంగ్ల ప్రతిని చేత్తో రాసిన ప్రేమ్ బిహారీ నారాయణ్ రాయ్‌జాదా కూలి వద్దన్నారనీ, ప్రతి పుటలో తన పేరు, చివరి పుటలో తాతగారి పేరు రాసుకుంటే చాలన్నారనీ చెబుతారు. గాంధీ తన సంతకానికి వెల కట్టారు. ఈ లేఖకుడు తన పేరునే వెలగా అడిగారు.

ఆ ప్రతిని డెహ్రాడూన్‌లో సర్వే ఆఫ్ ఇండియా వెయ్యి ప్రతులుగా అచ్చు వేసింది. వాటిలో ఒకటి 2024లో వేలంలో 48 లక్షల రూపాయలు పలికింది. అందులోని సంతకాలు అచ్చువే, సిరావి కావు. అయినా ఆ ధర!

విపణి లెక్క అలాంటిదే. ఎవరి సంతకం అన్నది ఒక్కటే కాదు, ఎవరికి, ఎప్పుడు, ఏ సందర్భంలో చేశారన్నదీ, ఎవరి చేతులు మారి వచ్చిందన్నదీ ధరను నిర్ణయిస్తాయి. ఒకప్పటి సేకర్తలు ఉత్తరాల నుంచి సంతకం మేరకు కత్తిరించి దాచుకునేవారు. అలా సంతకం మిగిలింది, చరిత్ర చెత్తబుట్ట పాలైంది.

1972 నాటి పురావస్తువుల చట్టం 75 ఏళ్లు నిండిన చారిత్రక పత్రాలను ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకుండా నిషేధించింది. కానీ ఎప్పుడో దాటిపోయినవాటి మీద ఆ చట్టానికి పట్టు లేదు. దక్షిణాఫ్రికాలో గాంధీకి ఆప్తుడైన హెర్మన్ కాలెన్‌బాక్ దాచిన ఉత్తరాలను, పత్రాలను లండన్ వేలం గడప నుంచి వెనక్కి తెచ్చుకోవడానికి 2012లో భారత ప్రభుత్వం సుమారు ఏడు లక్షల పౌండ్లు చెల్లించవలసి వచ్చింది. ప్రభుత్వం అందుకోలేనివి సంపన్నుల అల్మారాలకు పోతాయి, పరిశోధకుల కంటికి దూరమవుతాయి.

రాజ్యాంగం మీది సంతకాలన్నిటికీ విపణిలో ఒకే వెల ఉండదు. నెహ్రూ, అంబేడ్కర్ సంతకాల కోసం పోటీపడే సేకర్తలకు దాక్షాయణి వేలాయుధన్, దుర్గాబాయి పేర్లు అంతగా పట్టకపోవచ్చు. కానీ ఆ పుటల మీద అందరి సంతకానికీ ఒకే విలువ. ఐదు రూపాయలు ఇచ్చిన ఎవరికైనా ఒకే సంతకం చేసిన గాంధీ లెక్క, వేలంపాట లెక్క కంటే దానికే దగ్గర.