కలాయఖంజము: కూలిగింజల చరిత్ర

మన ప్రాచీన వైద్యులు వాతవ్యాధులను పరిగణించుచు, నడక మొదలిడునప్పుడు వణకి, పిమ్మట కుంటుచు సాగు రోగిని ప్రత్యేకముగ గుర్తించి, ఆ వ్యాధికి కలాయఖంజమని పేరిడిరి. సుశ్రుతసంహితలో దీని లక్షణము కలదు. పదునాఱవ శతాబ్దమునాటి భావప్రకాశము త్రిపుటమను పప్పుధాన్యము కుంటితనమును, పంగుత్వమును కలిగించునని స్పష్టముగనే హెచ్చరించినది. ఉత్తరదేశమున ఖేసారి యనియు, తివడా యనియు, మన అంగళ్లలో కేసరిపప్పనియు వ్యవహరింపబడునది ఈ త్రిపుటమే. ఇంత పూర్వమే దోషము తెలిసిన గింజను లక్షలాది జనులు శతాబ్దములపాటు ఏల తినిరను ప్రశ్నకు సమాధానము వైద్యగ్రంథములలో దొరకదు. దానిని పొలములలోను, కూలిపద్దులలోను వెదకవలెను.

ఈ పైరు పేదవాని పాలిట కల్పవృక్షమువలె కనబడును. వరికోతకు ముందే చేనిలో చల్లిన విత్తనము మిగులు తేమతోనే మొలకెత్తి, దున్నకున్నను, నీరు పెట్టకున్నను నీలిపూలు పూచి కాయలు కాయును. వాన ముంచినను చావదు, ఎండ మాడ్చినను చావదు. తక్కిన పంటలన్నియు పోయిన కఱవుటేట చేతికి వచ్చునది ఇదియొక్కటే యగుటచేత, పప్పుగ నంచుకొనవలసిన దానిని అన్నముగ తినవలసివచ్చుచుండెను.

థగ్గులను అణచిన అధికారిగ ప్రసిద్ధుడైన స్లీమన్ 1835వ సంవత్సరాంతమున జబల్పూరునుండి బయలుదేరి మధ్యభారతమున సంచరించుచు కన్నదానిని 1844లో ప్రకటించిన గ్రంథమున వర్ణించెను. సాగర్ ప్రాంతమున 1829లో వడగండ్లవలనను, మఱుచటి యేడు అనావృష్టివలనను, 1831లో తెగులువలనను గోధుమపంట నశించెను. ఆ పాడువడిన చేలలో తివడా మాత్రము విరగకాచెను. జనులు దానినే తిని బ్రతికిరి. 1833 మొదలు ముప్పదేండ్లలోపు వారికి నడుము క్రిందిభాగము అకస్మాత్తుగ చచ్చుపడజొచ్చెను. ఆయన చూచిన గ్రామమున రెండేండ్లలో యువజనులలో సగముమంది ఇట్లు వ్యాధిగ్రస్తులైరి. స్త్రీలకంటె పురుషులే ఎక్కువగ దెబ్బతినిరి. ఆ పడుచువారు ఆయన డేరాచుట్టును చేరి ఉపాయము చెప్పుమని వేడుకొనిరట. కాని ఒకసారి రోగము సోకినవారిలో తిరిగి కోలుకొన్నవాడు ఒక్కడును కానరాలేదు.

కోలుకొనకపోవుటయే ఈ వ్యాధియొక్క స్వరూపము. రాత్రి కులాసాగ పండుకొన్నవాడు తెల్లవాఱి లేవబోవ కాళ్లు కొయ్యబాఱియుండును. జ్వరము రాదు, స్పర్శ పోదు, బుద్ధి చెడదు, ఆయువు తఱుగదు. మెదడునుండి వెన్నుపాముగుండ కాళ్లకు ఆజ్ఞ నందించు నాడులు మాత్రము శాశ్వతముగ దెబ్బతినును. పిక్కలు బిగిసి, మడమలు నేలనానక, దేహభారమంతయు మునిపాదములపై నిలుపుచు, ఒక కాలికి అడ్డముగ రెండవ కాలిని ఈడ్చుచు నడువవలసివచ్చును. కఱ్ఱ లేకయే కుంటువారు, ఒక కఱ్ఱవారు, రెండు కఱ్ఱలవారు, చేతులూని దేకువారు అని వైద్యులు ఈ రోగులను తరగతులుగ విభజించిరి. ఇరువదేండ్ల ప్రాయమున ఏ తరగతిలో పడిన పాలేరు ఆ తరగతిలోనే ముసలివాడు కావలసినదే. గొంతుకూర్చుండి కలుపు తీయలేడు, బురదలో అడుగు వేయలేడు, నాగలివెంట సాగలేడు. బలిష్ఠములైన చేతులును, చెక్కుచెదరని మనస్సును ఉండియు, అన్నదమ్ముల సంపాదనపై ఆధారపడి ఏబదేండ్లు గడుపవలసివచ్చును.

వింధ్యప్రాంతపు రీవా మండలమున ఈ దురవస్థ కఱవుటేళ్లతో ఆగలేదు. అప్పుక్రింద కట్టువడిన పాలేర్లకు భూస్వాములు కూలిగ కొలిచియిచ్చునది ఎక్కువపాలు కేసరిగింజలే. తిండిలో మూడవవంతుగాని, సగముగాని రెండు మూడు నెలలపాటు ఈ పప్పే అయినచో ముప్పు వాటిల్లును. కూలివాని కుంచములో వేఱు గింజ లేనప్పుడు మూడవవంతు, సగము అను లెక్క వానికేల? గోధుమ తిను ఇంటివారు సుఖముగ నడుచుచుండ, వారి చేను దున్నిన ఇంటివారు కఱ్ఱ పట్టుచుండిరి.

ఇతరదేశముల చరిత్రయు ఇట్టిదే. 1942లో రుమేనియా పాలకులు వాప్నియార్కా నిర్బంధశిబిరమున యూదులకు పశువుల దాణాగ వాడు ఈ గింజలనే ఆహారముగ పెట్టగా, కొన్ని నెలలలోనే వందలమంది కాళ్లు చచ్చుపడెను. బందీలలో ఒకడైన వైద్యుడు ఆర్థర్ కెస్లర్ కారణమును కనుగొనగా, ఖైదీలు ఆ తిండిని నిరాకరించిరి. బ్రతికి బయటపడినవారిలో పలువురు కడవఱకు కుంటుచునే జీవించిరి.

1964లో బెంగుళూరు విజ్ఞానసంస్థయందు రావు, అడిగ, శర్మ అను శాస్త్రజ్ఞులు ఈ గింజలలోని విషపదార్థమును వేఱుపఱిచిరి. కూనూరునుండి 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనశాలవారు గింజలను వేడినీట నానబెట్టి ఆ నీటిని పాఱబోసినచో విషము చాలవఱకు పోవునని చూపిరి. 1961లో కేంద్రప్రభుత్వము అమ్మకమును నిషేధించినను, విస్తారముగ పండించు మధ్యప్రదేశ్, బీహారు, పశ్చిమబంగాళములందు అది అమలు కాలేదు. వెట్టిచాకిరి 1976 చట్టముతో రద్దయి, కూలి నాణెములలోను, ఇతరధాన్యములలోను ముట్టజొచ్చిన తరువాతనే క్రొత్త రోగుల సంఖ్య తగ్గినది.

కావున ఈ వ్యాధికి గింజ ఎంత కారణమో, దానిని కూలిగ కొలిచిన ఆచారమును అంత కారణము. మన ప్రభుత్వములు గింజను నిషేధించినవి, ఆచారమును రద్దుచేసినవి, ఆ ఆచారము కాళ్లు హరించినవారిని మాత్రము మఱచినవి. గనిలో కాలు విఱిగిన కార్మికునకు పరిహారమిచ్చు న్యాయము, కూలిగింజలు తిని కాలు కోల్పోయిన పాలేరునకును వర్తింపవలెను. ఇంకను బ్రతికియున్న ఆ వృద్ధులను వెదకి, భిక్షగ గాక హక్కుగ భృతి నిచ్చుట మన కర్తవ్యము.