రేమోఁ దొర ఇంటిపేరు – మూసారాంబాగు

హైదరాబాదు నగరమున మలక్‌పేటకు చేరువనున్న మూసారాంబాగు పేరు వినని తెలుగువారు అరుదు. మూసీనది దాపున నుండుటచే ఆ పేరు నదినుండి వచ్చినదని తలంచుట సహజము. మూసారామ్ అను నొక షావుకారు తోట అచ్చట నుండెనని ఊహించుటయు సహజమే. కాని ఈ రెండును నిజములు కావు. ఆ పేరులో దాగియున్నది ఒక ఫ్రెంచి కుటుంబనామము.

ఫ్రాన్సు దేశమున ఇంటిపేర్లు అనాదిగా లేవు. రోమను సామ్రాజ్యము క్షీణించిన పిమ్మట సామాన్యునకు జ్ఞానస్నానమున పెట్టిన పేరొక్కటియే ఉండెడిది. జనసంఖ్య పెరిగి, ఒకే ఊర ఒకే పేరుగలవారు పలువురు కాగా, సుమారు 11వ శతాబ్దమునుండి రెండవ పేరు అవసరమయ్యెను. అది తండ్రి పేరునుండియో, నివాసస్థలమునుండియో, వృత్తినుండియో, దేహలక్షణమునుండియో ఏర్పడెను. ‘ద్యుపోఁ’ అనగా వంతెన యొద్దివాడు. ‘లెఫేవ్ర్’ అనగా కమ్మరి. ‘లెగ్రాఁ’ అనగా పొడగరి. బొబ్బిలి యుద్ధము మూలమున మనకు తెలిసిన బుస్సీ దొర అసలు ఇంటిపేరు ‘పాతిసియే’. పిండివంటలు చేయువాడని దాని అర్థము. బుస్సీ యనునది స్థలమును బట్టి ధరించిన పేరు. కందుకూరి, గురజాడ మొదలగు మన ఇంటిపేర్లును ఊళ్లనుండి వచ్చినవే గదా! మనము ఇంటిపేరును ముందు చెప్పుదుము. వారు తుదిని చెప్పుదురు. అంతియే భేదము. 1539లో ఫ్రాన్సురాజు జ్ఞానస్నానముల నమోదును శాసనముచే విధించుటతో ఈ పేర్లు మరింత స్థిరపడెను.

మన కథానాయకుని ఇంటిపేరు ‘రేమోఁ’. ఆంగ్లేయుల నోట ‘రేమండ్’. ఇది తండ్రి పేరు వంశనామమైన తెగకు చెందినది. ప్రాచీన జర్మను భాషాకుటుంబమునందలి ‘రాగిన్’, ‘మున్ద్’ అను రెండు పదముల కలయిక ఇది. మొదటిదానికి ఆలోచన యనియు, రెండవదానికి రక్షణ యనియు అర్థము. ఆలోచనచే రక్షించువాడని తాత్పర్యము చెప్పుకొనవచ్చును. ఫ్రాంకు జాతివారితో గాల్ దేశమునకు వచ్చిన ఇట్టి పేర్లు కాలక్రమమున స్థానికములైపోయెను. దక్షిణ ఫ్రాన్సున తూలూజు ప్రభువులలో అనేకులు ఈ నామమునే ధరించిరి. నాలుగవ రేమోఁ 1096లో బయలుదేరిన మొదటి క్రూసేడు నాయకులలో నొకడు. ఏడవ రేమోఁ 1249లో గతించెను. ప్రభువు పేరును ప్రజలు తమ బిడ్డలకు పెట్టుకొనుట అన్ని దేశములందును కలదు. ఆ బిడ్డల సంతతికి అదే ఇంటిపేరయ్యెను. స్పెయినులో అది ‘రమోన్’ ఆయెను.

మిషెల్ జోవాకిమ్ మరీ రేమోఁ 1755లో నైరుతి ఫ్రాన్సునందలి గాస్కనీలో జన్మించెను. 1775లో వర్తకమునకై పుదుచ్చేరికి వచ్చి, కత్తి పట్టి, మైసూరున హైదరాలీ పక్షమున పోరాడెను. 1783లో బుస్సీ రెండవమారు భారతదేశమునకు వచ్చినపుడు ఆయన పరివారమున చేరెను. పిదప హైదరాబాదున నిజాం అలీఖాను కొలువు ప్రవేశించి, పాశ్చాత్యపద్ధతిని పదాతిదళములను తీర్చెను. ఫిరంగులు పోతపోయు కార్ఖానా నెలకొల్పెను. గన్‌ఫౌండ్రీ అను పేట పేరు దాని గుర్తే. 1795లో ఖర్దా యుద్ధమున నిజాము మహారాష్ట్రులచే ఓడినను రేమోఁ దళములు నిలిచి పోరాడెను. తుదకు ఆయన క్రింద సుమారు 14,000 మంది సైనికులుండిరి.

ఆ సిపాయిలు తమ దొరను ‘మోస్యో రేమోఁ’ అని వినిరి. ‘మోస్యో’ అనునది ఫ్రెంచివారి గౌరవవాచకము. ‘నా దొర’ అని అర్థము. దానికి మూలమైన లాటిను పదమునకు ‘పెద్దవాడు’ అని భావము. ఈ అర్థములతో సిపాయిలకు పనిలేదు. వారి చెవికి మోస్యో ‘మూసా’ ఆయెను. అది ముసల్మానులు కొలుచు ప్రవక్త పేరు. రేమోఁ అను మాటలో ముసల్మానులు ‘రహీమ్’ అనియు, హిందువులు ‘రామ్’ అనియు వినిరి. మూసా రహీమ్, మూసారామ్ అను రెండు పేర్లును ఒకే మనుజునివి. వింత యేమనగా, జన్మపత్రమునందు లేని పేరును ఏ పౌరుడును ధరింపరాదని ఫ్రెంచి విప్లవప్రభుత్వము 1794లో చట్టము చేసెను. ఆ దినములలోనే ఇచ్చట ఒక ఫ్రెంచివాని పేరును తెలుగుదేశపు సిపాయిలు తమకు ప్రియమైన దైవనామములతో తిరిగి వ్రాసిరి! పారసీక పదమైన ‘బాగు’ చేరగా అది పేట పేరాయెను.

ఈ కథలో మన కలకత్తాకును పాత్ర కలదు. 1798 మార్చి 25న రేమోఁ 42 ఏండ్ల ప్రాయమున మరణించెను. మే నెలలో గవర్నరు జనరలుగా కలకత్తా చేరిన వెల్లెస్లీ ఆ ఫ్రెంచి దళములను కంపెనీకి పెనుగండముగా నెంచెను. సెప్టెంబరు 1న నిజాముతో సంధి జరిగెను. అక్టోబరు 22న ఆ దళములను నిరాయుధులను గావించిరి. రేమోఁ గతించి ఏడు నెలలు తిరుగక మునుపే ఆయన సైన్యము మాసిపోయెను. నిజాము రక్షణభారము కంపెనీ చేతికి పోయెను. ఆ కంపెనీ సేన వ్యయమునకై 1800లో నిజాము వదలుకొన్న బళ్లారి, కడప మొదలగు ప్రాంతములే దత్తమండలములు. రక్షణ యని అర్థమునిచ్చు పేరుగలవాడు గతించిన పిదప, రక్షణమునకు తెలుగుదేశము చెల్లించిన మూల్యమది.

మలక్‌పేట దాపున అస్మాన్‌గఢ్ గుట్టపై రేమోఁ సమాధికడ సుమారు 7 మీటర్ల రాతిస్తంభము నేటికిని నిలిచియున్నది. దానిపై ఆయన పూర్తిపేరు లేదు, ‘జె. ఆర్.’ అను రెండక్షరములే కలవు. చాలకాలము ఆయన వర్ధంతినాడు అచ్చట ఉత్సవము జరుగుచుండెడిది. ఇప్పుడు మెట్రో రైలు స్టేషను ఒకటి మూసారాంబాగు పేరు ధరించియున్నది.

చరిత్రకు సాధనములు శాసనములు, దస్తావేజులు మాత్రమే కావు. శిలపై రెండక్షరములుగా మిగిలిన పేరును ప్రజల నోరు రెండు శతాబ్దములకు పైగా కాపాడినది. ఊరి పేరును గాని, పేట పేరును గాని, మన ఇంటిపేరును గాని అర్థము తెలియలేదని త్రోసివేయరాదు, చక్కదిద్దబోయి చెరుపరాదు. ముందు దానిని ప్రశ్నింపవలెను. అది ఏ గాస్కనీ పల్లెనుండి నడచి వచ్చినదో!