బద్ధకం అనే ముందు...

కొన్నేళ్ళ కిందట మా టీములో ఒక కుర్రాడి అప్రైజల్లో "ఇనీషియేటివ్ తక్కువ" అని రాసింది నేనే. పని చెప్తే చేసేవాడు, చెప్పకపోతే మానిటర్ వంక చూస్తూ కూచునేవాడు. వెనకాల బద్ధకిష్టి అని నవ్వుకునేవాళ్ళం. డిప్రెషన్‌కి మందులు వాడుతున్నాడని, అతను ఉద్యోగం మానేసి వెళ్ళిపోయాక తెలిసింది. ఆ గిల్టీ ఫీలింగుతో చదవడం మొదలెడితే తేలిన చరిత్ర ఇది. ఓపిగ్గా చదవండి, మనకి తెలిసిన మొక్కలు కూడా ఉన్నాయిందులో.

మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో ఐరోపాలో ఒక వింత మెదడువాపు జబ్బు వచ్చింది. 1917లో వియన్నా డాక్టరు ఫాన్ ఎకనామో దాన్ని వర్ణించాడు. కారణం ఇప్పటికీ కచ్చితంగా తేలలేదు. బతికి బయటపడ్డవాళ్ళలో చాలామంది తర్వాత తర్వాత శిలల్లా అయిపోయారు. పక్షవాతం కాదు, కండరాలు బాగానే ఉన్నాయి. సంగీతం వినిపిస్తే కొందరు కదిలేవారు, ఆపితే మళ్ళీ శిలే. అంటే చెయ్యడం వచ్చు, తమంతట తాము మొదలుపెట్టడమే రాదు!

ఇక్కడ కథ మన దేశానికి వస్తుంది. పిచ్చికీ, నిద్రలేమికీ మన నాటువైద్యులు వాడిన సర్పగంధ వేరు మీద 1931లో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ ఒక వ్యాసం రాశారు. ఉద్రేకం తగ్గిస్తుంది, రక్తపోటూ దించుతుందని దాని సారాంశం. 1952లో స్విట్జర్లాండు సీబా కంపెనీవాళ్ళు ఆ వేరులోంచి రిసర్పిన్ అనే పదార్థాన్ని వేరు చేశారు.

1957లో స్వీడన్ శాస్త్రవేత్త ఆర్విడ్ కార్ల్‌సన్ ఈ రిసర్పిన్ని కుందేళ్ళకి ఇచ్చాడు. చెవులు వేలాడేసి, కదలకుండా పడున్నాయి. తర్వాత ఎల్-డోపా ఎక్కించాడు. కాసేపటికి లేచి తిరగడం మొదలెట్టాయి! ఎల్-డోపా మెదడులోకి వెళ్ళి డోపమైన్‌గా మారుతుంది. అప్పటిదాకా డోపమైన్ అంటే వేరే రసాయనాల తయారీలో మధ్యలో వచ్చే సరుకే అనుకునేవారు. దానికే సొంత పని ఉందని తేల్చినందుకు కార్ల్‌సన్‌కి 2000లో నోబెల్ వచ్చింది.

ఇంకో ముచ్చట. ఈ ఎల్-డోపా మన పొలంగట్ల మీద పెరిగే దూలగొండి గింజల్లో ఉందని 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే ఇద్దరు చూపించారు. అంటే కుందేలుని పడుకోబెట్టిన మందు, లేపిన మందు, రెండూ మన మొక్కల్లో ఉన్నవే.

1960లో వియన్నాలో హోర్నికీవిచ్, పార్కిన్సన్స్ రోగుల మెదళ్ళలో డోపమైన్ బాగా తగ్గిపోయిందని చూశాడు. 1969లో న్యూయార్కులో ఆలివర్ శాక్స్ ఆ పాత శిలలకి ఎల్-డోపా ఇచ్చాడు. దశాబ్దాల తర్వాత లేచి నడిచారు, మాట్లాడారు. కాకపోతే ఆ సంతోషం చాలామందికి నిలవలేదు. మందు వికటించి, కొందరు అతిగా ఊగిపోయి, కొందరు మళ్ళీ బిగుసుకుపోయారు. శాక్స్ 1973లో 'అవేకెనింగ్స్' పేరుతో పుస్తకం రాశాడు, 1990లో సినిమా కూడా వచ్చింది.

అయితే డోపమైన్ అంటే ఆనందమేనా? పేపర్లలో ఇప్పటికీ అలాగే రాస్తారు. 1989లో అమెరికాలో కెంట్ బెరిడ్జ్ డోపమైన్ నాశనమైన ఎలుకల్ని చూశాడు. ఎదురుగా తిండి ఉన్నా ముట్టవు. నోట్లో తియ్యటి నీళ్ళు పోస్తే మాత్రం మామూలు ఎలుకల్లాగే లొట్టలేశాయి. అంటే ఇష్టం వేరు, దానికోసం పూనుకోవడం వేరు. 1990ల్లో జాన్ సాలమోన్ ఇంకో సంగతి చూపించాడు. డోపమైన్ తగ్గించిన ఎలుక, అడ్డుగోడ ఎక్కితే దొరికే ఎక్కువ తిండి వదిలేసి, ఎక్కనక్కర్లేని కొంచెం తిండితో సరిపెట్టుకుంటుంది. ఆకలి లేక కాదు, ఆ గోడ దానికి మరీ ఎత్తైపోయింది.

మరి మనుషుల్లో? 2012లో మైకేల్ ట్రెడ్‌వే బృందం చేసిన ప్రయోగంలో, ఎక్కువ డబ్బులిచ్చే కష్టమైన పనిని డిప్రెషన్ ఉన్నవాళ్ళు మిగతావాళ్ళకంటే తక్కువసార్లు ఎంచుకున్నారు.

దీన్నిబట్టి డిప్రెషన్ అంటే డోపమైన్ లోటేనని తేల్చెయ్యకండి, అది అంత సింపుల్ బగ్ కాదు. ఒక గింజ మింగితే పోయేదీ కాదు, డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిందే. చెప్పొచ్చేదేంటంటే, 'మనసుంటే మార్గముంటుంది' అని మనం తేలిగ్గా అనేస్తాం. ఆ మనసుని కదిలించే యంత్రాంగమే చెడితే ఏ మార్గం చూపిస్తాం? అవసరమైన ప్రోసెస్సే క్రాష్ అయినప్పుడు యూజర్ని తిట్టి లాభంలేదు కదా.

ప్రతి బద్ధకమూ జబ్బేనని నేననను, నా బద్ధకం అచ్చంగా బద్ధకమే. కానీ రెంటికీ తేడా అప్రైజల్ ఫారం మీద కనపడదు. ఆ కుర్రాణ్ణి నేను ఒక్కసారైనా కాంటీన్‌కి తీసుకెళ్ళి "ఏంటి తమ్ముడూ, ఒంట్లో బావుంటోందా?" అని అడగలేదు. ఆ ఏడాది ఇనీషియేటివ్ లేనిది ఎవరికో మీరే చెప్పండి.